మువార్‌కి ఇత్తడి గిన్నె ఎందుకు?

మే 19, సోమవారం

నాకు కోపం లేదు. ఎందుకని మాత్రమే అడిగాను. పొద్దున్నుంచి ఇరవైమంది పిల్లల ముక్కులు తుడిచి, ఒక్కరి మీద కూడా గొంతు పెంచకుండా కిండర్‌గార్టెన్ ముగించుకుని ఇంటికొస్తే, నేను చెప్పులైనా విప్పకముందే "జూన్ మొదటివారంలో మనం మువార్ వెళ్తున్నాం, మూడు రోజులు" అని మా ఆయన మహీధర్ ప్రకటించారు. ఎందుకని అడగడం కూడా కోపమేనా? "చూశావా, అప్పుడే కోపం" అన్నారు. ఆ మాటతో నిజంగానే వచ్చింది.

మువార్ అంటే మలేషియాలో జొహోర్ రాష్ట్రంలో, నది సముద్రంలో కలిసేచోట ఉన్న చిన్న ఊరట. పాతకాలపు మేడలు, సుల్తానుల నాటి మసీదు, నది ఒడ్డున నడిచే దారి. "హెరిటేజ్ టౌన్ అరూ, నీకు పాత ఊళ్ళంటే ఇష్టం కదా" అన్నారు. నేనెప్పుడన్నాను? జనవరిలో ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న దగ్గర్నుంచి నా ఇష్టాలు కూడా ఆయనే తయారుచేస్తున్నారు.

అడిగినవాళ్ళందరికీ "కన్సల్టింగ్ చేస్తున్నారండీ" అని చెప్పుకుంటున్నాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. ఇప్పుడు ఊళ్ళు తిరగడం అవసరమా అంటే, "ఖర్చేం లేదు, జనార్దనరావు అంకుల్ వాళ్ళింట్లో దిగుతాం" అన్నారు. ఉగాది ఫంక్షన్‌లో కలిసిన పెద్దాయన. తాతల కాలం నుంచి మలేషియాలోనే ఉన్న తెలుగువాళ్ళు. పక్కపక్కన కూర్చుని పులిహోర తిన్నంతమాత్రాన పెట్టెలు సర్దుకుని వాళ్ళింటికెళ్ళి పడతామా?

అత్తయ్య ఒక్క మాట అడ్డం చెప్పలేదు. ఈ సింగపూర్లోనే, మా టాంపినీస్ నుంచి టెక్కా మార్కెట్‌కి ట్రైనెక్కమంటే మోకాళ్ళంటుంది ఆవిడ. బార్డర్ దాటి గంటలకొద్దీ బస్సులో వెళ్ళాలంటే మాత్రం "మంచిదే" అంది.

మే 21, బుధవారం

ఈరోజు కూడా మువార్ గురించే మాట్లాడుకున్నారు, తల్లీ కొడుకూ. తలుపు వేసుకుని.

మే 24, శనివారం

ఇల్లు ఊడుస్తుంటే అత్తయ్య మంచం కింద సంచి తగిలింది. లోపల ఇత్తడి గిన్నె. కొత్తది. అంచుకి ఇంకా ధర కాగితం అంటుకుని ఉంది. ఈ ఇంట్లో ఇప్పటికే గిన్నెలు గిన్నెల్లో దూరి పడుకుంటున్నాయి, ఎక్కడా చోటు లేదు. ఇదెందుకండీ అత్తయ్యా అని అడిగితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని, "మువార్‌కి" అంది. మువార్‌కి ఇత్తడి గిన్నె ఎందుకు? "ఉంటుందిలే, పనికొస్తుంది" అంది.

మధ్యాహ్నం అత్తయ్య బాపట్లలో తనవాళ్ళకి ఫోన్ చేసింది. ఆవిడ ఫోన్ మాట్లాడితే కింది అంతస్తు చైనీస్ ఆంటీకి కూడా తెలుగు వస్తుంది. "గురువారం దశమి, హస్త. బ్రహ్మాండంగా ఉంది. అది దాటితే మళ్ళీ మూఢం వచ్చి పడుతోంది. ఈలోపే అయిపోవాలి."

ఊరు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి మూఢం ఏమిటి? అయినా ఆవిడ పళ్ళు తోముకోవడానికి కూడా వర్జ్యం చూస్తుంది.

అంట్లు తోముతుంటే తట్టింది. గురువారం అంటే జూన్ ఐదు. ఆ మర్నాడు ఆరో తారీకు మా పెళ్ళిరోజు. ఆ ఊళ్ళో ఏదో గుడిలో పూజ పెట్టించారు, నాకు చెప్పకుండా. అందుకే తలుపులు వేసుకోవడం, అందుకే గిన్నె. ప్రసాదం వండడానికి.

పందొమ్మిదేళ్ళలో పెళ్ళిరోజు గుర్తుపెట్టుకున్నది రెండుసార్లు. ఇప్పుడు ఉద్యోగం లేదు కాబట్టి గుర్తొచ్చింది కాబోలు. సర్లే. తెలియనట్టే ఉంటాను.

మే 28, బుధవారం

అత్తయ్య చీర ఇచ్చింది. పసుపు పట్టు, ఎర్ర అంచు. "మువార్‌లో గురువారం పొద్దున్న ఇదే కట్టుకో అమ్మాయ్" అంది. నాకు పసుపు రంగు నప్పదని ఆవిడకి తెలుసు. పెళ్ళిచూపుల్లో ఆ మాట అన్నది ఆవిడే. అయినా తీసుకున్నాను. సాయంత్రం లిటిల్ ఇండియాకి వెళ్ళి జాకెట్టు కుట్టడానికి కూడా ఇచ్చొచ్చాను. అర్జెంటని చెబితే దర్జీ రెట్టింపు అడిగాడు. వాడితో పోట్లాడాను. బాగుండింది, ఎవరితోనన్నా గట్టిగా పోట్లాడి ఎన్నాళ్ళయిందో.

ఆయన ఈల వేస్తున్నారు. స్నానాల గదిలో. జనవరి తరవాత ఇదే మొదటిసారి.

ఒప్పుకుంటాను, ఈల వింటే ప్రాణం లేచొచ్చింది. ఐదు నెలలుగా ఆ మనిషి సోఫాలో కూర్చుని లాప్‌టాప్ వైపు చూస్తుంటే, నేను పక్కనుంచి నడవాలన్నా చప్పుడు కాకుండా నడుస్తున్నాను. ఏం అడిగితే ఏం నొచ్చుకుంటారో అని కూరల్లో ఉప్పు గురించి కూడా మాట్లాడడం మానేశాను. పూజో పునస్కారమో, ఆ ఈల కోసమైనా మువార్ వెళ్ళొచ్చు.

జూన్ 1, ఆదివారం

మా అమ్మాయి అనన్య వింతగా ఉంది. సెకండరీ ఫోర్, అంటే మన పదో తరగతి, అక్టోబర్లో ఓ లెవెల్స్ పరీక్షలు, సెలవుల్లో కూడా ట్యూషన్లు. వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది.

"అమ్మా, యూ ఓకే విత్ దిస్ ఆర్ నాట్?"

"దేనికి?"

"ద మువార్ థింగ్ లా" అంది, తన సింగపూర్ ఇంగ్లీషులో.

పెళ్ళిరోజు సంగతి దానికి కూడా చెప్పేశారన్నమాట, ఇంక రహస్యమేముంది. "మీ నాన్న, మామ్మ కలిసి అన్నీ నిర్ణయించేశారు కదా, నాదేముంది" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అది నావైపు కాసేపు చూసింది. "ఓకే. యూ సే ఓకే మీన్స్ ఓకే" అని వెళ్ళిపోయింది. ఫ్రిజ్ తలుపు వేయకుండా.

జూన్ 3, మంగళవారం

సర్దుడు. అత్తయ్య సంచిలో పసుపు, కుంకుమ, కర్పూరం, కొబ్బరికాయ, లక్ష్మీదేవి పటం. పొద్దున్న ఆయన స్వయంగా టెక్కాకి వెళ్ళి మామిడాకులు కొనుక్కొచ్చారు. కరివేపాకు తెమ్మంటే కొత్తిమీర తెచ్చే మనిషి మామిడాకులు కొమ్మల్తో సహా తెచ్చారు. ఏ గుడో గానీ తోరణం కూడా మనమే కట్టాలేమో.

"ఎందుకండీ ఇన్ని?" అన్నాను, తెలియనట్టు.

"చూద్దువుగాని" అన్నారు. నా కళ్ళలోకి చూడలేదు. సిగ్గనుకున్నాను.

జూన్ 4, బుధవారం, మువార్

చెక్‌పాయింట్ దగ్గర క్యూ చూసి నాకు పిచ్చెక్కింది. సెలవులు కదా, సింగపూరంతా ఈరోజే అవతలికి వెళ్తున్నట్టుంది. అత్తయ్య మోకాళ్ళు, అనన్య ఇయర్‌ఫోన్లు, ఇత్తడి గిన్నె సంచి నా భుజానికి. మళ్ళీ బస్సెక్కాక అత్తయ్య పులిహోర డబ్బా తెరిచింది, బస్సంతా ఇంగువ. ముందు సీటాయన ముక్కు మూసుకుంటే ఆవిడ ఆయనకి కూడా ఒక స్పూను పెట్టబోయింది. మువార్‌లో దిగేసరికి నేను ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేను.

కానీ ఊరు బాగుంది. ఏం చేయను, బాగుంది.

బస్టాండు పక్కనే నది. ఇంత వెడల్పు నది చూసి ఎన్నేళ్ళయిందో. గోధుమరంగు నీళ్ళు, తొందర లేకుండా వెళ్తున్నాయి. వీధుల్లో పాత మేడలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, కింద దుకాణం, పైన చెక్క కిటికీలు. రంగులు వెలిసిపోయాయి, కొన్ని గోడల్లోంచి చెట్లు మొలిచాయి. ఎవరూ పరిగెత్తడం లేదు. కాఫీ షాపుల్లో మనుషులు ఒక్క కప్పు ముందు పెట్టుకుని గంటలు కూర్చున్నారు. సింగపూర్లోలా చోటు కోసం టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి పరిగెత్తాల్సిన పనే లేదు.

జనార్దనరావు అంకుల్ ఎనభైకి దగ్గరలో ఉన్నారు, ఇస్త్రీ చొక్కా, మెడలో తులసిమాల. "వాంగమ్మా, రండి రండి, మకాన్ అయిందా?" అని తమిళం, తెలుగు, మలయ్ మూడూ కలిపి, భోజనం అయిందా అని పలకరించారు. భార్య రత్తమ్మ ఆంటీ తక్కువ మాట్లాడుతుంది. నన్ను మాత్రం రెండుసార్లు తేరిపార చూసింది. ఎందుకో నాకు తెలియలేదు.

సాయంత్రం మా ఆయనా నేనూ నది ఒడ్డున నడిచాం. మసీదు గోపురం మీద ఎండ పడుతోంది. చేపల పడవలు తిరిగొస్తున్నాయి. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు, నలుగురూ ఉన్నచోట. నేను విడిపించుకోలేదు.

"ఎలా ఉంది?" అన్నారు.

"ఇక్కడే ఉండిపోవచ్చనిపిస్తోంది" అన్నాను.

ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. ఏదో బరువు దించుకున్నట్టు. "నిజంగానా?" అన్నారు. "నిజంగానే" అన్నాను. కోపం ఎటుపోయిందో. రేపు పసుపు చీర కట్టుకుంటాను, నప్పకపోతే నప్పకపోయింది.

జూన్ 5, గురువారం

రాయకపోతే ఎవరినో ఒకరిని కొట్టేలా ఉన్నాను. అందుకని రాస్తున్నాను.

తెల్లవారగానే అత్తయ్య తలంటు పోసుకోమంది. పోసుకున్నాను. చీర కట్టుకుని బొట్టు పెట్టుకుంటూ అద్దంలో నన్ను చూసుకుని నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తుంటే ఒళ్ళు మండిపోతోంది.

గుడికనుకుని బయల్దేరితే అంకుల్ వాళ్ళ వరసలోనే, రెండు మేడలు దాటాక ఆగారు. ఆకుపచ్చ తలుపులు. రోడ్డు దాటితే నది. గడపకి పసుపు రాసి బొట్లు పెట్టి ఉంది. పైన మామిడి తోరణం, మా టెక్కా కొమ్మలే. అంకుల్ తాళంచెవి పట్టుకుని నిలబడ్డారు.

"ఎవరిల్లు అంకుల్?" అన్నాను.

"మీదేనమ్మా!" అన్నారాయన నిండుగా నవ్వి. "మీ ఆయనకి మొదటిరోజే చెప్పాను. మా అల్లుడి ఫ్యాక్టరీలో మేనేజరు పని నీదే, ఇల్లూ నీకే ఇస్తాను. అయితే మీ ఇంటావిడ వచ్చి కుడికాలు పెట్టి పాలు పొంగిస్తేనే ఈ తాళం సావి చేతికి. లేదంటే తాక్ బోలే, కుదరదు. మా తాత నాటి నుంచీ అంతే మాకు. ఇల్లాలికి ఇష్టంలేని ఇల్లు నిలబడదమ్మా."

నేను మహీధర్ వైపు చూశాను. నది వైపు చూస్తున్నాడు.

ఫ్యాక్టరీ. మేనేజరు. ఇల్లు. పూజ లేదు, పెళ్ళిరోజు లేదు. అనన్య ఫోను ఎత్తి వీడియో తీస్తోంది. నా మొహం చూసి ఫోను దించేసింది.

"అమ్మా, ఐ థాట్ యూ నో ఆల్రెడీ. యూ సెడ్ ఓకే, వాట్" అంది చిన్నగా. దానికి జొహోర్ బారులో ఇంటర్నేషనల్ స్కూలు సంగతి కూడా చెప్పారట. అమ్మకి తెలుసులే అని చెప్పారట.

నేను అరవలేదు. పదేళ్ళుగా గొంతు పెంచకుండా జీతం తీసుకుంటున్నదాన్ని, అలవాటైపోయింది. కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళాను కూడా. ఎందుకు వెళ్ళానో తెలియదు. అందరూ చూస్తున్నారు, అంకుల్ ముసలి మొహంలో అంత సంతోషం, కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి.

వంటింట్లో రత్తమ్మ ఆంటీ స్టవ్ పెట్టి ఉంచింది. దాని మీద ఇత్తడి గిన్నె, పసుపు బొట్లతో మెరిసిపోతోంది. నేనే మోసుకొచ్చాను దాన్ని, నా భుజాన.

"ఇదేంటి అత్తయ్యా?" అన్నాను.

"మంచి ఉద్యోగమే అమ్మాయ్. నదికెదురుగా ఇల్లు. ఆ టాంపినీస్ ఫ్లాట్ అమ్మేస్తే పిల్ల చదువుకి ఏ లోటూ ఉండదు. ముందు పాలు పొంగనీ, ముహూర్తం దాటిపోతోంది. పొంగాక వాడే అన్నీ చెబుతాడు."

పొంగాక చెబుతాడట! ఆ ఫ్లాటుకి నా జీతంలోంచి కూడా కట్టాను. అక్కడ నాకు స్కూలుంది, పిల్లలున్నారు, నన్ను అరుంధతి టీచర్ అని పిలిచే వీధి ఉంది. అవన్నీ ఒక గిన్నెడు పాలు పొంగాక నాకు చెబుతారట.

ఆంటీ పాల ప్యాకెట్ నా చేతికిచ్చింది. పోశాను. స్టవ్ వెలిగించాను. అత్తయ్య అక్షింతలు పట్టుకుంది. అంకుల్ చేతులు జోడించారు. మహీధర్ గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాకుండా, బయటికి పోకుండా.

అంచుల చుట్టూ బుడగలొచ్చాయి. మీగడ కట్టింది. కింద నుంచి పాలు లేచాయి. తెల్లగా, గుండ్రంగా, గిన్నె అంచుదాకా వచ్చాయి. "పొంగుతున్నాయ్, పొంగుతున్నాయ్" అంది అత్తయ్య.

ఆపేశాను.

పాలు ఒక్క క్షణం అక్కడే ఆగి, కిందికి దిగిపోయాయి. ఒక్క చుక్క బయట పడలేదు.

"కాఫీపొడి ఉందా ఆంటీ?" అన్నాను.

అత్తయ్య చేతిలో అక్షింతలు అలాగే ఉన్నాయి. రత్తమ్మ ఆంటీ మాత్రం ఒక్క మాట అడక్కుండా వెళ్ళి తమ ఇంటి నుంచి కాఫీపొడి, పంచదార, గ్లాసులు పట్టుకొచ్చింది. ఆ గిన్నెలోనే కలిపాను. మొదటి గ్లాసు అంకుల్‌కి ఇచ్చాను. ఆయన నన్ను చూశారు, మహీధర్‌ని చూశారు. తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నారు. కాఫీ తాగారు.

"బాగుందమ్మా" అన్నారు.

తరవాత నది ఒడ్డున. నిన్న చెయ్యి పట్టుకున్న చోటే.

"నువ్వు నన్ను అడగాలి కదా" అన్నాను. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి నువ్వన్నాను. అతను ఉలిక్కిపడ్డాడు. నేను దిద్దుకోలేదు.

"నిన్న నువ్వే అన్నావుగా అరూ, ఇక్కడే ఉండిపోవచ్చని."

"నేనన్నది బుధవారం. నువ్వు మామిడాకులు కొన్నది మంగళవారం."

చేపల వాసన, ఎండ. "అడిగితే వద్దంటావని భయమేసింది" అన్నాడు.

"వద్దంటే?"

"అమ్మ చెప్పింది. ఆడది తన చేత్తో పాలు పొంగించిన ఇంటిని ఇంక కాదనలేదు, అదే సర్దుకుంటుందని."

అదీ సంగతి. నా చేతులు కావాలి వాళ్ళకి. నోరు అక్కర్లేదు.

జూన్ 6, శుక్రవారం

ఈరోజు మా పెళ్ళిరోజు. బస్సులో వచ్చాం. ఎవరూ అనలేదు, నేను కూడా అనలేదు.

జూన్ 7, శనివారం

కోపం ఉంది. ఉంది, ఉంది, ఉంది. ఇన్నాళ్ళూ లేదని రాసిన చోటల్లా ఉంది.

అత్తయ్య నాతో మాట్లాడడం లేదు. ఫోన్లో మాత్రం బాపట్లకి వినిపించేలా మాట్లాడుతోంది. "పొంగే పాలు ఆపేసిందమ్మా, ఇంతకంటే అపశకునం ఏముంది, నా కొడుకు బతుకు ఏమైపోతుందో." కొడుకు బతుకు! ఆవిడ కొడుకు బతుకులో నేనెక్కడున్నాను? వంటింట్లో, స్టవ్ పక్కన.

అసలు మంటెక్కడో ఇప్పుడు తెలిసింది. ఆ ఊరు నాకు నిజంగా నచ్చింది. ఆకుపచ్చ తలుపులు నచ్చాయి. రత్తమ్మ ఆంటీ నచ్చింది. మహీధర్ లాప్‌టాప్ మూసేసి ఒక ఆఫీసుకి వెళ్ళి రావడం నాక్కూడా కావాలి. కూర్చోబెట్టి, "అరూ, ఇలా ఉంది, ఏం చేద్దాం" అని అడిగి ఉంటే ఏమనేదాన్ని? అనన్య పరీక్షలు అవనీ అనేదాన్నేమో. ఒక ఏడాది నువ్వు ముందు వెళ్ళు అనేదాన్నేమో. సరే పద అనేదాన్నేమో కూడా. ఇప్పుడది ఎప్పటికీ తెలియదు. ఊరు చూసి నచ్చిందనే ముక్క కూడా నాకు మిగల్చలేదు, దాన్ని కూడా నా మీదికే విసిరాడు.

అతనికి ఐదు నెలలుగా మనసెంత నలిగిందో నాకు తెలుసు. నాకంటే ఎవరికి తెలుసు? చప్పుడు కాకుండా నడిచింది నేను కదా.

జూన్ 8, ఆదివారం

పొద్దున్న అత్తయ్య అనన్యని తీసుకుని కిందికి కూరగాయలకి వెళ్ళింది. మహీధర్ వచ్చి టేబుల్ దగ్గర ఎదురుగా కూర్చున్నాడు. గడ్డం చేసుకోలేదు.

"అంకుల్‌కి ఏం చెప్పమంటావు?" అన్నాడు.

"నన్ను అడుగుతున్నావా?"

"అడుగుతున్నాను."

"నీకిది కొత్త కదా. ఎలా ఉంది?"

తలదించుకున్నాడు. అనకుండా ఉండాల్సిందేమో. అన్నాను, అనాలనిపించింది. కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు, పొద్దున్నే నేను బ్యాగు తగిలించుకుని స్కూలుకి వెళ్తుంటే, లిఫ్టు తలుపులు మూసుకునేదాకా కిటికీ దగ్గర నిలబడి చూసేవాడట. నువ్వు వెళ్తున్నావు, నేను ఉండిపోతున్నాను అనిపించేదట. "ఏదో ఒకటి నా అంతట నేను చేశానని నీకు చూపించాలనుకున్నా అరూ."

"మీ అమ్మతో కలిసి చేశానని చెప్పు" అన్నాను.

ఏడుపొచ్చింది నాక్కూడా. కానీ కోపం తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు నాకు.

"ఫోన్ చెయ్యి. నా ముందే. స్పీకర్ పెట్టు."

చేశాడు. ఇప్పుడు రాలేమని, తనే తప్పు చేశానని, అరుంధతికి చెప్పకుండా తీసుకొచ్చానని, ఒక్కొక్క ముక్కా పంటికింద రాయిలా నమిలి చెప్పాడు. అంతా విని అంకుల్ అన్నారు.

"నాకు అప్పుడే తెలుసు బాబూ. స్టవ్ ఆపినప్పుడే. మా రత్తమ్మకి ఇంకా ముందే తెలుసు, సాయంత్రం మీ ఆవిడ మొహం చూసే చెప్పింది, ఈ పిల్లకి ఏమీ తెలియదండీ అని." దగ్గారు. "పని వేరేవాళ్ళకి ఇవ్వాలి, అల్లుడు ఆగడు. ఇల్లు అయితే శ్రావణం దాకా ఎవరికీ ఇవ్వను. కావాలంటే రా. ఈసారి అడిగి తీసుకురా."

ఫోను పెట్టేశాక మహీధర్ నా మొహంలోకి చూశాడు. ఏదైనా చెబుతానేమోనని.

"ఇప్పుడేం అడక్కు" అన్నాను. "కోపంలో ఉన్నాను."

జూన్ 9, సోమవారం

రేపటి నుంచి మూఢం. అత్తయ్య నాతో మాట్లాడకపోయినా ఆ సంగతి గోడలకి చెబుతోంది. "ఇంక ఏ మంచిపనీ లేదు, అంతా అయిపోయింది."

సంచిలోంచి ఇత్తడి గిన్నె తీశాను. మువార్ కాఫీ మరక అడుగున ఇంకా ఉంది. చింతపండు పెట్టి తోమాను. పాలు పోసి మన స్టవ్ మీద, ఈ టాంపినీస్ వంటింట్లో పెట్టాను. ఈరోజు తిథి ఏమిటో, నక్షత్రం ఏమిటో చూడలేదు.

అనన్య వచ్చి పక్కన నిలబడింది. నా భుజానికి తల ఆనించింది. మహీధర్ గుమ్మందాకా వచ్చి ఆగాడు.

అంచుదాకా వచ్చాయి. అత్తయ్య హాల్లోంచి పరిగెత్తుకొచ్చింది, మోకాళ్ళ సంగతి మర్చిపోయి. "అయ్యో అయ్యో, అమ్మాయ్, పొంగిపోతున్నాయ్, ఆపు!"

ఆపలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. నాలుగు వైపులా పొంగాయి. బర్నర్ చుయ్యిమని ఆరిపోయింది. పాలు స్టవ్ మీంచి గట్టు మీదికి, గట్టు మీంచి నేల మీదికి కారి నా కాళ్ళదాకా వచ్చాయి. గ్యాస్ కట్టేశాను.

అత్తయ్య గుడ్డ అందుకుంది. ఆవిడ చేతిలోంచి తీసుకుని మహీధర్‌కి ఇచ్చాను.

తుడిచాడు. మూలల్లో సరిగ్గా తుడవలేదు. మళ్ళీ తుడవమన్నాను.